మన గోడ దాటిన మురుగు ఎవరిది?



ఈ పత్రికలో మనము ప్రార్థనను గురించి, కుటుంబ క్రమమును గురించి, పిల్లల చదువును గురించి చదువుకుంటూ ఉంటాము. ఈసారి నేను వ్రాయబోయేది సెప్టిక్ ట్యాంకును గురించి. ఇది చూసి కొందరు నవ్వుకోవచ్చు, కొందరు ముక్కు మూసుకోవచ్చు. అయితే పరిశుద్ధ గ్రంథము ఈ సంగతి మాట్లాడుటకు సిగ్గుపడలేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము 12 నుండి 14 వచనములు తెరచి చూడండి. యుద్ధమునకు బయలుదేరిన ఇశ్రాయేలీయుల పాళెమునకు దేవుడు ఇచ్చిన కట్టడ అక్కడ ఉన్నది. బహిర్భూమికి పాళెము వెలుపల ఒక చోటు ఉండాలి. ప్రతి మనిషి తన ఆయుధములతో పాటు ఒక గసిక ఉంచుకోవాలి. దానితో గుంట త్రవ్వి, పని అయిన తరువాత తన మలమును తానే కప్పివేయాలి. ఎందుకంటే ఆ పాళెము మధ్య దేవుడు సంచరిస్తున్నాడు.

ఈ కట్టడలో నేను చాలా ఏళ్ళు గమనించని మాట ఒకటి ఉన్నది. గసిక ప్రతి మనిషి చేతికీ ఇచ్చాడు దేవుడు. ఈ పని చేయుటకు వేరే గోత్రమును ఏర్పరచలేదు, వేరే కులమును నియమించలేదు. ఎవరిది వారే కప్పుకోవాలి.

ఇప్పుడు మన చేతిలో గసిక లేదు. దాని బదులు లారీవాని ఫోను నంబరు ఉన్నది. ట్యాంకు నిండితే ఫోను చేస్తాము, లారీ వస్తుంది, గొట్టము వేసి లాగుతుంది, డబ్బు ఇస్తాము, గేటు వేసుకుంటాము. గేటు వేసుకున్న తరువాత ఆ మురుగు ఎవరిది? ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకలేదు. నా సంతకము వలన వచ్చింది.

మా ఆవరణలో జరిగిన సంగతి

మేము చెన్నైలో స్థిరపడిన తెలుగు సంఘము వారము. మా ఆవరణలో గుడి, పాస్టరుగారి ఇల్లు, సండే స్కూలు గదులు, పెండ్లిండ్లకు అద్దెకిచ్చే చిన్న హాలు ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే సెప్టిక్ ట్యాంకు. కొన్నేళ్ళ క్రిందట క్రిస్మస్ ముందు వారములో అది నిండి పొంగింది. అప్పుడు ఆస్తుల కమిటీ పని నా చేతిలో ఉన్నది. ఇద్దరు లారీవారిని అడిగాము. ఒకరు ఎక్కువ చెప్పారు, ఇంకొకరు ఎనిమిది వందల రూపాయలు తక్కువకు వస్తామన్నారు. ఎందుకు తక్కువ అని నేను అడగలేదు. సంఘము డబ్బు పొదుపు చేశానని సంతోషపడి ఓచరు మీద సంతకము పెట్టాను. ఆదివారము లెక్కలు చదివినప్పుడు ఒక పెద్ద నన్ను మెచ్చుకున్నారు కూడా.

మూడు నెలల తరువాత, మంచి శుక్రవారపు ఆరాధన అయ్యాక, మన కుటుంబములలోని ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. ఆ లారీ మీద పని చేసినవాడు అతడే. చెట్టు క్రిందికి పిలిచి, తల వంచుకొని అన్నాడు: "మాస్టారూ, ఆ రోజు మన గుడి లోడు ప్లాంటుకు పోలేదండి. రాత్రి కాలువలో వదిలేశాము. ఓనరు చెప్పాడు. ప్లాంటుకు పోతే దూరము, క్యూ, రుసుము. మీరిచ్చిన డబ్బుకు గిట్టదన్నాడు."

ఏ కాలువ అని అడిగాను. అతడు చెప్పిన చోటు విని నా కాళ్ళలో సత్తువ పోయింది. ఆ కాలువ గట్టు మీద గుడిసెలలో మన సంఘస్థుల మూడు కుటుంబములు ఉంటున్నాయి. జనవరిలో అక్కడి ఒక మనుమరాలికి విరేచనములు పట్టుకొని వారము రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నేనే వెళ్ళి ప్రార్థన చేసి వచ్చాను. బిడ్డ బ్రతికింది, దేవునికి స్తోత్రము. ఆ జబ్బుకు మా లారీయే కారణమని నేను చెప్పలేను. ఆ కాలువలో ఎందరి మురుగో ఉన్నది. కాదు అని కూడా చెప్పలేను. ఈ రెండు మాటల మధ్య నేను చాలా రాత్రులు నిద్ర లేకుండా గడిపాను.

గుంట తీసినవాని బాధ్యత

ఈ పాపము ఎవరిది? లారీ పనివానిదా? అతడు కూలివాడు. ఓనరుదా? అతడు లాభము చూసుకున్నాడు. కాలువకు కాపలా లేని ప్రభుత్వముదా? లేక ఎనిమిది వందలు మిగిలాయని సంతోషించిన నాదా?

నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములలో ఒక న్యాయవిధి ఉన్నది. ఒకడు గొయ్యి త్రవ్వి మూయకుండా వదిలితే, అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చస్తే, గొయ్యి యజమానుడే నష్టము కట్టాలి. ఆ ఎద్దును చంపాలని అతడు కోరుకోలేదు, దాన్ని చూడనే లేదు, అప్పుడు ఇంట్లో నిద్రపోతూ ఉండవచ్చు. అయినా బాధ్యత అతనిదే. చెడు తలంపు లేకపోవుట ఒక్కటే మనిషిని నిర్దోషిగా చేయదని ఈ విధి నేర్పుతున్నది. ప్రమాదకరమైన దాన్ని నీవు పుట్టించావు గనుక, అది ఎవరికీ హాని చేయని స్థితికి వచ్చేవరకు అది నీదే.

"డబ్బు ఇచ్చాము, మన పని అయిపోయింది" అని మా కమిటీలో ఒక సహోదరుడు వాదించారు. డబ్బు ఇచ్చుట వేరు, అప్పగించుట వేరు. లూకా 10వ అధ్యాయములోని సమరయుడు కూడా పూటకూళ్ళవానికి డబ్బు ఇచ్చాడు. కాని ఇచ్చి మరచిపోలేదు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి వెళ్ళాడు. తిరిగి వచ్చి అడుగుతానన్న మాట ఆ డబ్బులో ఉన్నది. నా ఓచరులో ఆ మాట లేదు.

ప్లాంటు దగ్గర నేను చూసినది

ఆ యువకుడు చెప్పిన తరువాత, అసలు సరియైన దారి ఏమిటో తెలుసుకోవాలని నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రము ఒకదానికి వెళ్ళాను. అక్కడి ఇంజనీరు ఓపికగా చూపించారు. ట్రైనింగు చదివిన పాత పంతులుకు కొత్త పాఠము విన్నట్లు ఉన్నది.

మురుగునీటిని శుభ్రము చేసేది యంత్రము కాదట, ప్రాణమున్న సూక్ష్మక్రిములట. పాలకు తోడు వేస్తే పెరుగైనట్లు, పెద్ద తొట్టిలో ఈ క్రిములను పెంచి, గాలి ఊది, మురుగును వాటికి ఆహారముగా ఇస్తారు. అవి మురికిని తిని బరువెక్కి అడుగుకు దిగుతాయి, పైన తేరిన నీరు బయటకు పోతుంది. ఇంటి నుండి పైపులలో వచ్చే మురుగునీరు పలుచన. కాని సెప్టిక్ ట్యాంకులో ఏళ్ళ తరబడి నిలువ ఉన్న మడ్డి దానికంటే అనేక రెట్లు చిక్కన. చిన్న లారీలో మూడు వేల లీటర్లు, పెద్ద దానిలో తొమ్మిది వేల లీటర్లు పడతాయి. అంత చిక్కని మడ్డిని ఒక్కసారిగా క్రుమ్మరిస్తే, బిడ్డకు పదిరోజుల తిండి ఒక్కపూటలో పెట్టినట్లు, ఆ క్రిములకు ఊపిరాడదు. అందుకే కేటాయించిన చోట, కేటాయించిన వేళలో, లెక్క ప్రకారమే దించనిస్తారు. ముందు జల్లెడ పట్టి గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, ఇసుక తీస్తారు, తరువాత కొద్దికొద్దిగా పెద్ద ప్రవాహములో కలుపుతారు.

గేటు దగ్గర అడిగేవి ఇవి. లారీకి లైసెన్సు ఉన్నదా? ఈ లోడు ఎక్కడిది? ఎంత తెచ్చావు? ఇల్లా, హోటలా, ఫ్యాక్టరీయా? ఇదంతా చీటీ మీద వ్రాసి సంతకము పెట్టాలి. ఫ్యాక్టరీల ఆమ్లములు, రంగులు, నూనెలు, లోహపు నీళ్ళు రానివ్వరు. అనుమానము వస్తే నమూనా సీసాలో పట్టి పరీక్షిస్తారు. తమిళనాడు ప్రభుత్వము 2014లోనే సెప్టిక్ ట్యాంకు మడ్డి విషయములో మార్గదర్శకములు ఇచ్చింది. 2022లో చట్టమును సవరించి, లైసెన్సు లేని లారీలు, కాలువలలో చెరువులలో వదిలే లారీలు శిక్షార్హమని చేసింది. దేశమంతటికీ 2017 ఫిబ్రవరిలో జాతీయ విధానము వచ్చింది.

"ఇన్ని చీటీలు ఎందుకండీ, లంచములకు కాకపోతే?" అని నేను అమాయకముగా అడిగాను. ఇంజనీరు నవ్వి ఇలా అన్నారు: "ఒక్క లారీ ఆమ్లము ఈ తొట్టిలో పడితే క్రిములు చచ్చిపోతాయి సార్. మళ్ళీ పెంచడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. అప్పటివరకు వేల ఇండ్ల మురుగు శుద్ధి కాకుండానే బయటకు పోతుంది. ఎవరు పోశారో చీటీ లేకపోతే మాకు తెలియదు."

అప్పుడు నాకు అర్థమైనది. ఆ చీటీ కాగితము కాదు, సాక్ష్యము.

చీటీ మీద అబద్ధము

ఇక్కడ మన మధ్య జరిగిన ఇంకొక సంగతి చెప్పక తప్పదు. పేరు, ఊరు చెప్పను. మన విశ్వాసులలో ఒక సహోదరునికి చిన్న పూత పని షెడ్డు ఉన్నది. ఇనుప సామానుకు మెరుపు పూత వేస్తారు. ఆ తొట్లలోని నీటిలో ఆమ్లము, విషపు లోహములు ఉంటాయి. దానిని పంపవలసిన చోటు వేరే ఉన్నది, ఖర్చు ఎక్కువ. అతడు ఒక లారీవానిని బ్రతిమాలి, ఇంటి ట్యాంకు మడ్డితో పాటు రెండు పీపాలు కలిపించి, చీటీ మీద "ఇల్లు" అని వ్రాయించాడు. లారీ సరియైన ప్లాంటుకే పోయింది. రుసుము చెల్లించారు. కాలువలో ఒక్క చుక్క పడలేదు. తరువాత అతడే నాతో ఇది చెప్పి, "మాస్టారూ, రెండు పీపాలే గదా, ఇంటి మురుగు ఎక్కువ గదా, పూర్తిగా అబద్ధము కాదు గదా" అన్నాడు.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో అననీయ, సప్పీరా చేసినది కూడా ఇదే. పొలము అమ్మిన డబ్బులో వారు చాలా భాగము ఇచ్చి ఉండవచ్చు. కొంత దాచుకొనుట వారి హక్కే అని పేతురే చెప్పాడు. కొంత ఇచ్చి అంతా ఇచ్చామని చూపుటయే వారి తప్పు. ఆ అబద్ధము వలన చెడిపోయేది సంఘపు నమ్మకము. సంఘమును నిలబెట్టేది నమ్మకము గనుక పేతురు దానిని చిన్నదిగా చూడలేదు.

ప్లాంటు కూడా నమ్మకము మీదనే నడుస్తున్నది. ప్రతి లారీలో ప్రతి చుక్కను పరీక్షించుట ఎవరికీ సాధ్యము కాదు. చీటీ మీద వ్రాసినది నిజమని నమ్మి తలుపు తీస్తారు. ఆ నమ్మకమును అడ్డము పెట్టుకొని విషము లోపలికి పంపినవాడు కాలువలో పోసినవానికంటే తక్కువ తప్పు చేశాడని నేను చెప్పలేను. ఒకడు గోడ దూకాడు, ఇంకొకడు తాళపుచెవి అడిగి తీసుకొని దొంగిలించాడు.

"ప్రభుత్వమే పారబోస్తుంటే మనకెందుకు?"

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఇందులో నిజము లేకపోలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారము మన దేశపు పట్టణములలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతున్నది. అందులో నిజముగా శుద్ధి అయ్యేది దాదాపు 20,000 మిలియన్ లీటర్లు. అంటే మూడవ వంతు కూడా లేదు. మిగిలినది నదులకు, చెరువులకు, సముద్రమునకు పోతున్నది. ఇంత పెద్ద పాపము కళ్ళెదుట ఉండగా మా గుడి ఒక్క లోడు ఏపాటిది?

నేను దీనికి నా మనస్సులో చాలా కాలము జవాబు వెదికాను. చివరకు ఇలా తోచింది. సముద్రమంత పాపము ఉన్నదని నా గ్లాసెడు పాపము పాపము కాకుండా పోదు. పదిమంది రైలులో టికెట్టు లేకుండా ఎక్కారని పదకొండవవానికి అది టికెట్టు కాదు. ఇంకొక మాట. కాలువ పెద్దదే, కాని గట్టు మీద బిడ్డ చిన్నది. ఆ బిడ్డ దేశపు లెక్కలన్నీ త్రాగదు, తన గుడిసె ముందరి నీటిలోనే ఆడుకుంటుంది. అక్కడ పడిన లోడు మాది.

ప్రభుత్వమును అడుగుట మానుకోవాలని నేను అనడములేదు. అడగాలి, గట్టిగా అడగాలి. కాని సొంత చీటీ సరిగా ఉన్నవాడు అడిగితే ఆ అడుగుటకు బలము ఉంటుంది.

మన పితరుల కాలువ

ఈ కాలువను గురించి మన పిల్లలకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. చెన్నై మధ్యనుండి పోయే ఈ నల్లని నీరు బకింగ్‌హాం కాలువ. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో ఆ కాలువ త్రవ్వకము కరువు పనిగా సాగింది. ఒంగోలులో సేవ చేస్తున్న జాన్ క్లౌ దొరగారు ఆ ప్రాంతములో మూడు మైళ్ళకు పైగా త్రవ్వకపు పని తానే కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో ఉన్న మాదిగ విశ్వాసులు, ఇతర పేదలు కూలి మోసములు, తిట్లు లేకుండా పని చేసుకొని అన్నము తినాలని ఆయన ఉద్దేశము. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అనేకులు ఆ కాలువ పనిలో చెమటోడ్చినవారు. ఈ పత్రిక చదివే కుటుంబములలో కొందరి ముత్తాతలు ఆ వరుసలో నిలిచి ఉంటారు.

మన పితరులు మట్టి మోసి త్రవ్విన కాలువలో నేను మన గుడి మురుగు పోయించాను. ఇది తలచుకున్నప్పుడు నాకు వచ్చిన సిగ్గు ఇంతింత కాదు.

మరొక సంగతి కూడా దాచకూడదు. నెల్లూరు, ప్రకాశము జిల్లాల నుండి ఈ పట్టణములకు వచ్చిన మనవారిలో చాలామందికి దొరికిన మొదటి ఉద్యోగము మునిసిపాలిటీ పారిశుధ్యపు పనే. మా నాన్నగారి తరము వారు తెల్లవారుజామున లేచి ఊరివారి మలము ఎత్తారు. ఆ జీతముతో మేము చదువుకున్నాము, పంతుళ్ళము అయ్యాము, గుమాస్తాలము అయ్యాము. ఇప్పుడు మన పిల్లలు ఆ సంగతి స్నేహితుల దగ్గర దాచిపెడతారు. పని సిగ్గు కాదు, ప్రియులారా. ఒక మనిషి మలమును ఇంకొక మనిషి చేతితో ఎత్తించిన లోకమునకు సిగ్గు ఉండాలి. 2013లో వచ్చిన చట్టము సెప్టిక్ ట్యాంకులో గాని మురుగు గొయ్యిలో గాని రక్షణ లేకుండా మనిషిని దించుట నేరమని చెప్పింది. మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేక రెండూ విధించవచ్చు. 2014లో సుప్రీంకోర్టు ఇటువంటి చావులకు పది లక్షల పరిహారము ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలకు పెంచింది. అయినా చావులు ఆగలేదు.

ఎందుకు చస్తారో కూడా తెలుసుకోవాలి. మూసి ఉన్న ట్యాంకులో కుళ్ళిన గ్రుడ్డు వాసన గల విషవాయువు పుడుతుంది. అది ఎక్కువైనప్పుడు ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపుతుంది. వాసన పోయింది గదా అని మనిషి దిగుతాడు, క్షణములలో పడిపోతాడు. అతనిని రక్షించాలని ఇంకొకడు దిగి పడిపోతాడు. ఒక్క ట్యాంకులో ఇద్దరు ముగ్గురు చనిపోవుటకు కారణము ఇదే. గొట్టము వేసి లాగే లారీ వచ్చింది గనుక మనిషి దిగవలసిన అవసరము లేదు. కాని లారీవాడు "అడుగున గడ్డకట్టింది, ఒక్క నిమిషము దిగి కదిలిస్తాము, మూడు వందలు ఇవ్వండి" అంటే, వద్దు అని చెప్పవలసినవాడు ఇంటి యజమానుడే.

యిర్మీయా 38వ అధ్యాయములో ప్రవక్తను నీరు లేని గోతిలో దించారు, అతడు బురదలో దిగబడ్డాడు. కూషీయుడైన ఎబెద్మెలెకు రాజుతో మాట్లాడి అతనిని పైకి తీయించాడు. తీసేటప్పుడు త్రాళ్ళు చంకలలో కోసుకొనకుండా పాత బట్టలు, చింకి గుడ్డలు క్రిందికి పంపి చంకల క్రింద పెట్టుకొమ్మన్నాడు. గోతిలో ఉన్న మనిషి చర్మము కూడా అతనికి గుర్తున్నది. రాజు ఇంటిలో ఆ గుడ్డలను వెదికినవాడు ఆ పట్టణములో అతడొక్కడే. దేవుడు అతని పేరు గ్రంథములో వ్రాయించాడు.

తరువాత ఏమి చేశాము

ఆ యువకుని మీద ఫిర్యాదు చేయాలని కొందరు, విషయము బయటకు రానివ్వకూడదని కొందరు అన్నారు. "సంఘమునకు అపకీర్తి మాస్టారూ" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. ఒప్పుకున్న కూలివానిని పట్టించి, చవక బేరము చేసిన పెద్దలము తప్పించుకొనుట న్యాయము కాదు. అలాగని మూసిపెట్టుట దొంగతనమే. బల్ల ఆదివారమున నేనే లేచి, సంతకము నాదని, అడగవలసిన ప్రశ్న అడగలేదని సంఘము ఎదుట ఒప్పుకున్నాను. గట్టు మీది ఆ మూడు కుటుంబముల వారు ముందు వరుసలోనే కూర్చొని ఉన్నారు. ఆరాధన అయ్యాక ఆ బిడ్డ అవ్వ నా దగ్గరకు వచ్చి, "అయ్యా, అందరూ పోస్తారు, మీరొక్కరే చెప్పారు" అన్నది. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు, గద్దింపు అయ్యింది.

జక్కయ్య తాను అన్యాయముగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇచ్చాడు. కాలువకు తిరిగి ఇచ్చుట ఎట్లాగు? నేను ఆ ఎనిమిది వందలకు నాలుగంతలు, అంటే మూడు వేల రెండు వందలు, నా పింఛనులో నుండి సంఘపు పెట్టెలో వేసి, ఆ గట్టు ఇండ్లకు మంచినీటి డ్రమ్ములు, మూతలు కొనుటకు ఇమ్మన్నాను. ఇది ప్రాయశ్చిత్తము కాదు. మన ప్రాయశ్చిత్తము సిలువ మీద జరిగింది. పశ్చాత్తాపమునకు చేతులు, కాళ్ళు ఉండాలని మాత్రమే చేశాను.

లారీ ఓనరును పిలిచి, "మీరు అడిగిన పూర్తి డబ్బు ఇస్తాము, ప్లాంటు చీటీ తెచ్చి చూపిన తరువాతే ఇస్తాము" అన్నాము. మొదట విసుక్కున్నాడు. తరువాత లైసెన్సు తీసుకున్నాడు. ఆ యువకుడు ఇప్పటికీ అదే లారీ మీద ఉన్నాడు. చీటీ తెచ్చి ఇచ్చేటప్పుడు అతని ముఖములో కనిపించే తేటదనము చూస్తే, చవక బేరముతో మేము అతని చేత ఏమి చేయించామో నాకు మళ్ళీ గుర్తుకు వస్తుంది. చిన్నవారిని అభ్యంతరపరచువారిని గురించి ప్రభువు చెప్పిన తిరుగటిరాయి హెచ్చరిక పిల్లలకు మాత్రమే సంబంధించినదని నేను ఇక అనుకోను.

ఇతర సంఘములకు నా మనవి

ఈ పత్రిక అనేక రాష్ట్రములకు పోతున్నది. ప్రతి చోట ఏదో ఒక సరియైన దారి ఉన్నది. కర్ణాటకలో బెంగళూరు దగ్గర దేవనహళ్ళిలో 2015 నుండి సెప్టిక్ మడ్డికే ప్రత్యేకమైన శుద్ధి కేంద్రము ఉన్నది. మహారాష్ట్రలోని వాయి పట్టణములో ట్యాంకు పొంగేవరకు ఆగకుండా మూడేళ్ళకొకసారి వరుసగా ప్రతి ఇంటికీ లారీ పంపే పద్ధతి 2018లో మొదలైనది. ఒడిశాలో 2016లో మార్గదర్శకములు వచ్చాక అనేక పట్టణములలో కేంద్రములు కట్టారు. కటక్‌లో అటువంటి కేంద్రపు నిర్వహణ ట్రాన్స్‌జెండర్ల స్వయం సహాయక సంఘమునకు అప్పగించారు. లోకము తోసివేసినవారి చేతిలో నగరపు శుద్ధి పెట్టారు. ఆలోచించండి.

మీ గుడి ట్యాంకును రెండు మూడేళ్ళకొకసారి తీయించండి, పొంగేవరకు ఆగవద్దు. లైసెన్సు గల లారీనే పిలవండి. సరియైన వెల ఇవ్వండి. ఎవరైనా చాలా తక్కువ చెబితే, ఎక్కడ దించుతావు అని ఒక్క ప్రశ్న అడగండి. మనిషిని ఎట్టి పరిస్థితిలోను లోపలికి దించనివ్వవద్దు. ప్లాంటు చీటీ తెప్పించుకొని ఓచరుకు గుచ్చి, లెక్కలు చదివే రోజున అది కూడా చదవండి. పేద సంఘస్థులకు ఆ ఖర్చు భారమైతే సంఘపు సహాయ నిధి దానికి కూడా తెరవబడాలి.

మనము కానుకల లెక్క ఆదివారము అందరి ఎదుట చదువుతాము. పెట్టెలోకి వచ్చిన ప్రతి రూపాయికి లెక్క చెబుతాము. మన ఆవరణలో నుండి బయటకు పోయినదానికి కూడా లెక్క అడిగే దేవుడు ఉన్నాడు. లోపలికి వచ్చినది ఎంత శుద్ధముగా ఉంచుకున్నామో, బయటకు పంపినది ఎవరి గుమ్మము ముందు చేరిందో, రెండూ ఆయన చూస్తున్నాడు.

పాళెము మధ్య సంచరించిన దేవుడు మన వీధులలో, మన కాలువ గట్లమీద కూడా సంచరిస్తున్నాడు. ఆయన నడిచే దారిలో మన మురుగు అడ్డు రాకుండునట్లు ఆయన మనకు మెలకువను, సత్యము చెప్పే ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.